“టోర్నమెంట్ అయిపోనివ్వండి, తరువాత చూద్దాం” అనే కళాశాలకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: బన్నేరుఘట్ట రోడ్డు అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లె. పదకొండేళ్లుగా బెంగళూరులో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. ఈ ఏడాది నన్ను కళాశాల క్రీడా కమిటీలో వేశారు. ఆటలంటే అభిమానం ఉంది కానీ పోటీల్లో ఆడినవాణ్ణి కాను, కాబట్టి ఆటగాళ్ల మనసు, జట్టు నడిచే తీరు నాకు లోపలి నుంచి తెలియవు. అవి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారన్న నమ్మకంతో రాస్తున్నాను.

మా కబడ్డీ జట్టు ప్రధాన రైడర్ మూడో సంవత్సరం విద్యార్థి. ఆట చూసి ఫీజు మాఫీ చేసి చేర్చుకున్న పిల్లవాడు. మా జిల్లావాడే. తండ్రికి రెండెకరాల వేరుశనగ చేను తప్ప వేరే ఆధారం లేదు. జోనల్ పోటీలకు ఎనిమిది రోజుల ముందు, రాత్రి పదకొండున్నర వేళ, కళాశాల ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ గేటుకు అడ్డంగా బైకు పెట్టి, తీయమన్న సెక్యూరిటీ గార్డును కిందపడేసి కొట్టాడు. ఆ గార్డు రాయచూరు వైపు నుంచి పని కోసం వచ్చినాయన, వయసు యాభై దాటింది. ఆయన కుడి మణికట్టు ఎముక విరిగింది. మరునాడు పోలీస్ స్టేషన్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇరవై ఐదు వేలు ఇప్పించి, రాజీ అయినట్టు కాగితం రాయించి పంపించారు. కేసు నమోదు కాలేదు.

ఆ వారంలోనే కమిటీ సమావేశం జరిగింది. మా ఫిజికల్ డైరెక్టర్ గారు చెడ్డవారు కాదు, పిల్లల కోసం తెల్లవారుజామున ఐదింటికే మైదానంలో ఉండే మనిషి. ఆయన “బరిలో వాడు రెఫరీకి ఎన్నడూ ఎదురు చెప్పలేదు, గేటు బయట జరిగినది మన పరిధిలోకి రాదు” అన్నారు. యాజమాన్యం తరఫున వచ్చినవారు “టోర్నమెంట్ అయిపోనివ్వండి, తరువాత చూద్దాం” అన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం నాకు లేదు. జట్టు గెలిచింది. “తరువాత” అన్నది ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు మా ప్రధాన ద్వారం పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మధ్యలో ఆ రైడర్ ఫొటో ఉంది. రోడ్డుకు అవతల, సరిగ్గా దానికి ఎదురుగా, ఆ గార్డు చేతికి కట్టుతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటాడు. నేను రోజూ ఆ రెండింటి మధ్య నుంచే లోపలికి వెళుతున్నాను.

వచ్చే సమావేశానికి ఆటగాళ్ల ప్రవర్తన గురించి ఒక నియమావళి ముసాయిదా రాసుకుని వస్తానని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. మైదానం బయట జరిగిన దానిమీద కళాశాలకు అధికారం ఉందా? పోలీసు కేసు లేనప్పుడు మేము ఏ ఆధారంతో చర్య తీసుకోగలం? ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి? ఒక్కడు చేసిన పనికి మిగతా పదకొండు మంది ఏడాది శ్రమ వృథా కావడం న్యాయమా? అన్నిటికంటే ఎక్కువగా, ఆ పిల్లవాడి చదువు ఆగిపోకుండా అతను చేసినదానికి అతనే జవాబు చెప్పుకునేలా చేయడం ఎలా?

జవాబు: యలహంక మాస్టారు

అధ్యాపకుడు గారికి నమస్కారం. నేను ఇరవై నాలుగేళ్లుగా ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. మీ పీడీ గారు అన్న మాట నేనూ చాలాసార్లు అన్నాను కాబట్టి, ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెబుతాను.

మాలో చాలామందిమి ఏటేటా పొడిగించే ఉద్యోగాల్లో ఉన్నాం. ఎన్ని కప్పులు తెచ్చాడన్నదే మా పనికి కొలత. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు విశ్వవిద్యాలయ, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో విద్యార్థులు గెలిచిన పతకాల లెక్క కూడా అడుగుతారు కాబట్టి యాజమాన్యానికీ ఆ కప్పు కావాలి. అటువంటి మనిషిని పిలిచి “నీ ప్రధాన రైడర్‌ను ఆడించాలా వద్దా నువ్వే తేల్చు” అంటే అతను ఏం తేలుస్తాడో ముందే తెలిసిపోతుంది. నా మాట వింటే, ఆ అధికారం పీడీ చేతిలో ఉంచకండి. అది మా నుంచి తీసేయడం మాకే మేలు. “సార్, నేను ఆడించాలనుకున్నా నియమం ఒప్పుకోదు” అని యాజమాన్యానికి చెప్పగలిగే వెసులుబాటు అప్పుడే మాకు దొరుకుతుంది. మీ పీడీ గారితో సమావేశానికి ముందే ఒంటరిగా కూర్చుని ఈ సంగతి మాట్లాడండి, ఆయన మీకు ఎదురు నిలవరనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, నేను అప్పుడు పనిచేసే కళాశాలలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు హాస్టల్‌లో జూనియర్ పిల్లవాణ్ణి చెంప మీద కొడితే కర్ణభేరి చిట్లింది. తల్లిదండ్రులు గొడవకు రాకముందే మేము అతన్ని పంపించివేయాలని అనుకున్నాం. టీసీ ఇచ్చాం. అందులో నడవడి అని ఉండే గడిలో “బాగుంది” అని రాశాం. సంతకం ప్రిన్సిపాల్ గారిది. కానీ ఇంకో కళాశాల పీడీకి ఫోన్ చేసి “మంచి స్ట్రైకర్, తీసుకోండి” అని చెప్పింది నేను. మరుసటి సీజన్‌లో అతను ఎదుటి జట్టు జెర్సీ వేసుకుని మా మీదే ఆడాడు. ఆ సంవత్సరం చివర అక్కడి హాస్టల్‌లోనూ ఒక మొదటి సంవత్సరం పిల్లవాడు దెబ్బలు తిని చదువు మానేసి ఇంటికి వెళ్లిపోయాడని విన్నాను. ఆ రెండో పిల్లవాడి పేరు కూడా నాకు తెలియదు. అతనికి తగిలిన దెబ్బలో నా ఫోన్‌కూ భాగం ఉందని నేను నమ్ముతున్నాను.

అందుకని మీ ముసాయిదాలో టీసీ మాట తప్పక రాయండి. విచారణ నడుస్తుండగా టీసీ ఇచ్చి పంపించకూడదు. విచారణలో తప్పు రుజువైతే, వేరే కళాశాల క్రీడా విభాగం అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలి.

మిగతా పదకొండు మంది సంగతి అడిగారు. కబడ్డీలో బరిలో ఏడుగురు, జట్టులో పన్నెండు మంది ఎందుకుంటారు? చీలమండ మడతపడి రైడర్ కూర్చుండిపోతే టోర్నమెంట్ మానుకుంటామా? గాయానికి సిద్ధపడినట్టే దీనికీ సిద్ధపడాలి. రెండో రైడర్‌ను తయారు చేయకపోవడం శిక్షకుడి లోపం. దాని భారం గార్డు మీద వేయకూడదు.

నియమావళిని ఎంపికలకు ముందే, సెప్టెంబరులోనో ఎప్పుడో, ఏ గొడవా లేని రోజుల్లో పిల్లల చేత చదివించి సంతకం చేయించండి. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉండాలి. ఊరి నుంచి తండ్రి వచ్చినప్పుడు ఆయనకు ఎదురుగా చదివి వినిపించండి. కొడుకు ఫీజు ఏ షరతు మీద మాఫీ అయిందో చాలామంది తండ్రులకు తెలియదు.

జవాబు: రాబర్ట్‌సన్‌పేట వకీలు

మాస్టారు గారు రాసినది చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. నేను చట్టం వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను.

ముందు ఆ రాజీ కాగితం గురించి. ఎముక విరిగితే చట్టం దాన్ని మామూలు దెబ్బగా చూడదు. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయం, 117వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం. దానికి రాజీ కుదరదని కాదు, కుదురుతుంది. అయితే కోర్టు అనుమతితోనే కుదరాలి. స్టేషన్‌లో రాయించిన కాగితం ఆ అనుమతికి బదులు కాదు. ఆ గార్డు ఇప్పటికైనా ఫిర్యాదు చేయవచ్చు. “కేసు లేదు కాబట్టి ఏమీ జరగలేదు” అనే వాదన మీ కమిటీలో నిలవకూడదు.

రెండోది, పరిధి. గేటు బయట జరిగినదానికీ జట్టులో స్థానానికీ సంబంధం లేదనడం మన నిబంధనలు చదవని మాట. యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లో శిక్షల జాబితా ఒకటి ఉంది. తరగతుల నుంచి సస్పెన్షన్, హాస్టల్ నుంచి తొలగింపు వంటి వాటితోపాటు, ప్రాంతీయ, జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో సంస్థ తరఫున పాల్గొనకుండా నిషేధించడం కూడా అందులో ఒక శిక్ష. ర్యాగింగ్ మైదానంలో జరిగే తప్పు కాదు కదా. అంటే సంస్థ పేరు ఛాతీ మీద వేసుకుని ఆడటం ఒక గౌరవమనీ, నడవడి కారణంగా దాన్ని వెనక్కి తీసుకోవచ్చుననీ మన ఉన్నత విద్యావ్యవస్థ పదిహేనేళ్లకు ముందే ఒప్పుకుంది. ఆ నిబంధన ర్యాగింగ్‌కే వర్తిస్తుంది కాబట్టి, మిగతా హింసకూ అదే సూత్రం పాటిస్తామని మీ కళాశాల తన నియమావళిలో రాసుకోవాలి. ముందుగా రాసి, చేరేటప్పుడే ఒప్పించిన నియమం అయితే ఎవరూ తప్పుపట్టలేరు. జరిగిన తరువాత పుట్టించిన నియమం అయితే కోర్టులో నిలబడదు. కాబట్టి మీ రైడర్ విషయంలో కళాశాలకు ఇప్పటికే ఉన్న సాధారణ క్రమశిక్షణ నిబంధనలనే ఆధారం చేసుకోండి, కొత్త ముసాయిదాను వెనుకటి తేదీ నుంచి అమలు చేయాలని చూడకండి.

మూడోది, నా మనసుకు దగ్గరి విషయం. నేను పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల ఊళ్లో. ఆ గనుల సంస్థలో సెక్యూరిటీ అధికారిగా పనిచేసిన కెప్టెన్ పాల్ ఆంథోనీ కేసు మా వృత్తిలో అందరూ చదివేదే. 1985లో ఆయన ఇంట్లో సోదా చేసి బంగారం దొరికిందని కేసు పెట్టారు, సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి ఇవ్వవలసిన జీవనభృతి ఇవ్వలేదు. కేరళ నుంచి విచారణకు రావడానికి చేతిలో డబ్బు లేక ఆయన రాలేకపోతే, ఆయన లేకుండానే విచారణ ముగించి 1986లో ఉద్యోగం తీసేశారు. మరుసటి ఏడు క్రిమినల్ కోర్టు అవే ఆరోపణలను కొట్టివేసింది. చివరకు 1999లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దు చేసింది. పోలీసు కేసు నడుస్తున్నంత మాత్రాన శాఖాపరమైన విచారణ ఆగనక్కరలేదని, చిక్కుముడులున్న తీవ్రమైన కేసుల్లో మాత్రం కొంతకాలం ఆపడం మంచిదని, ఆ కేసు ఏళ్లతరబడి సాగితే విచారణను మళ్లీ మొదలుపెట్టవచ్చని ఆ తీర్పు చెబుతుంది. అన్నం పెట్టకుండా చేసిన విచారణ న్యాయమైన విచారణ కాదని కూడా చెబుతుంది.

మీ ఆఖరి ప్రశ్నకు నేను జవాబు వెతికేది అక్కడే. ఫిర్యాదు ప్రాథమికంగా నమ్మదగినదిగా కనబడిన రోజునే ఆటగాణ్ణి పోటీల నుంచి పక్కన పెట్టండి. అది శిక్ష కాదని కాగితం మీద స్పష్టంగా రాయండి. విచారణ తేలేవరకు అతని హాస్టల్ గది, భోజనం, ఫీజు రాయితీ, తరగతులు, పరీక్షలు వేటినీ ముట్టుకోకండి. ఆట ఆపడం వేరు, కూడు ఆపడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే మన కళాశాలలు చర్య తీసుకోవాలంటే భయపడుతున్నాయి. పిల్లవాడి బతుకు పోతుందేమో అన్న జాలితో తప్పును కప్పిపుచ్చుతున్నాయి.

జవాబు: నెల్లూరు స్మాషర్

నేను ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చదువుకునే రోజుల్లో నాలుగేళ్లు చెన్నైలో వాలీబాల్ ఆడాను. ఇక్కడ ఇంతవరకు రాసిన ముగ్గురూ న్యాయంగానే రాశారు. అయినా ఆ పిల్లవాడు, జట్టు, పీడీ, యాజమాన్యం గురించి ఇంత మాట్లాడుకున్నాం కదా, ఆ గార్డు దగ్గరికి వెళ్లి “మీకేం కావాలి” అని ఎవరైనా అడిగారా? అధ్యాపకుడు గారూ, మీరు రోజూ ఆయన ముందు నుంచే వెళుతున్నారు. ముసాయిదా రాసేముందు దయచేసి రోడ్డు దాటి ఆయనతో మాట్లాడండి.

ఇంత గట్టిగా అడగడానికి నాకు కారణం ఉంది. మూడో సంవత్సరంలో పురుషుల జట్టూ మా జట్టూ ఒకే రైల్లో టోర్నమెంట్‌కు వెళ్లాం. రాత్రి నిద్రలో ఉన్న మా జట్టు అమ్మాయి ఫొటోలు తీసి, పురుషుల జట్టులో పేరున్న ఆటగాడు ఒకడు తమ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మేము నలుగురం కలిసి కోచ్ దగ్గరికి వెళ్లాం. “ముందు టోర్నమెంట్ అవ్వనీ అమ్మా” అన్నారు. అవే మాటలు ఈ చర్చ శీర్షికలో చూసేసరికి నా చేతులు చల్లబడ్డాయి. మేము తిరిగి వచ్చాక ఎవరూ మమ్మల్ని పిలిచి అడగలేదు. నా స్నేహితురాలు ఆ తరువాత సీజన్‌లో ఆడలేదు. స్మాష్ కోసం బంతిని ఎత్తి ఇచ్చే మా సెట్టర్ తనే. ఇంట్లో “కాళ్లు నొప్పిగా ఉన్నాయి” అని చెప్పింది.

అది కళాశాల బయట, రైల్లో జరిగింది కాబట్టి ఎవరికి చెప్పాలో అప్పట్లో మాకు తెలియలేదు. లైంగిక వేధింపుల మీద యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనల్లో క్యాంపస్ అన్న మాటకు ఇచ్చిన అర్థంలో క్రీడాపోటీలు జరిగే చోట్లు, విద్యార్థులుగా వెళ్లే ఇతర ప్రదేశాలు కూడా ఉన్నాయని నేను తరువాత చదివి తెలుసుకున్నాను. అటువంటి ఫిర్యాదు పీడీ దగ్గరికో, క్రీడా కమిటీకో పోకూడదు. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి పోవాలి. మామూలుగా మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి, తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. విద్యార్థుల విషయమైతే కమిటీలో విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. మీ ముసాయిదాలో ఈ దారిని విడిగా, ప్రతి అమ్మాయికీ అర్థమయ్యేలా రాయండి. జట్టుతో ప్రయాణం చేసే మహిళా మేనేజర్ ఫోన్ నంబరు కూడా దానితో ఉండాలి.

ఉద్యోగం మీద నేను రెండేళ్లు టెక్సస్‌లో ఉన్నాను. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్ ఎంతో అంత. ఆ రాష్ట్రంలోనే వేకో పట్టణంలోని బేలర్ విశ్వవిద్యాలయం సంగతి అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద వచ్చిన లైంగిక దాడుల ఫిర్యాదులను సంస్థ పట్టించుకోలేదని బయటి న్యాయవాదుల పరిశీలనలో తేలింది. ఫుట్‌బాల్ సిబ్బంది తమకు ఏ శిక్షణా లేకుండానే సొంత విచారణలు జరిపి, ఫిర్యాదు చేసినవారి మాటకు విలువ లేకుండా చేశారని 2016లో పాలకమండలి బయటపెట్టిన నివేదికలో ఉంది. హెడ్ కోచ్‌ను తొలగించారు, విశ్వవిద్యాలయ అధ్యక్షుణ్ణి ఆ పదవి నుంచి తప్పించారు, క్రీడల డైరెక్టర్ రాజీనామా చేశారు. “మా పిల్లల సంగతి మేము చూసుకుంటాం” అని జట్టు సిబ్బంది ప్రేమతో అన్నా సరే, ఆ మాటను అంగీకరించకూడదని నేను అక్కడ నేర్చుకున్నాను.

మాస్టారు గారు చెప్పిన టీసీ సంగతి కూడా అక్కడ ఉన్నదే. ఒకచోట తీసేసిన ఆటగాణ్ణి ఇంకోచోట చేర్చుకోవడం మీద విమర్శలు రావడంతో, ఆ దేశపు దక్షిణ ప్రాంత విశ్వవిద్యాలయాల సమాఖ్య ఒకటి 2015లో, లైంగిక దాడి, గృహహింస వంటి తీవ్రమైన తప్పుల వల్ల వేరేచోట తొలగించిన ఆటగాళ్లను సభ్య విశ్వవిద్యాలయాలు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. 2020లో అక్కడి జాతీయ కళాశాల క్రీడా సంఘం, తమ మీద అటువంటి విచారణలేమైనా జరిగాయా అని ఆటగాళ్లు ఏటా తెలియజేయాలన్న నిబంధన తెచ్చింది. బెంగళూరులో అన్ని కళాశాలలూ ఒకే మైదానాల్లో ఆడతాయి, పీడీలందరూ ఒకరికొకరు తెలిసినవారే. ఇక్కడ అటువంటి ఒప్పందం చేసుకోవడానికి పెద్ద చట్టమేమీ అక్కరలేదు.

జవాబు: మెరీనా 400

నేను చెన్నైలో చదివాను, నాలుగు వందల మీటర్లు పరుగెత్తేవాణ్ణి. పైన రాసినవన్నీ ఒప్పుకుంటూనే, ఇంకో వైపు నుంచి ఒక మాట చెప్పాలి.

రెండో సంవత్సరంలో హాస్టల్‌లో రాత్రిపూట గొడవ జరిగి ఒకడి తల పగిలింది. కొట్టినవాళ్ల పేర్లలో నా పేరు వినబడింది. మా బ్లాకులో ఆ పేరుతో ఇద్దరం ఉన్నాం. ఆ రాత్రి నేను ఊరిలో లేను, చిత్తూరులో మా అక్క పెళ్లిలో ఉన్నాను. మరునాడు ఉదయం మైదానానికి వెళితే “నువ్వు రావద్దు” అన్నారు. ఎందుకో కాగితం మీద ఇవ్వలేదు. ఎవరి ముందు చెప్పుకోవాలో చెప్పలేదు. తొమ్మిదో రోజున వార్డెన్ గారు దారిలో కనబడి “నీది కాదట లేరా” అన్నారు. అప్పటికి విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక ఆరో రోజునే అయిపోయింది. నా పేరు చెడ్డదని బ్లాకు అంతా తెలిసింది. నాది తప్పు కాదని తెలిసింది నాకూ వార్డెన్ గారికీ మాత్రమే.

టెక్సస్ ఉదాహరణ చెప్పారు కాబట్టి, అదే దేశంలో జరిగిన ఇంకొకటి కూడా గుర్తుచేస్తాను. 2006లో డ్యూక్ విశ్వవిద్యాలయ లక్రాస్ (వల ఉన్న కర్రలతో బంతి ఆడే ఆట) జట్టులోని ముగ్గురి మీద అత్యాచార ఆరోపణ వచ్చింది. జట్టు మిగతా సీజన్ రద్దు చేశారు, కోచ్ రాజీనామా చేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు ఎత్తివేస్తూ, ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు. కేసు నడిపిన ప్రాసిక్యూటర్ న్యాయవాద లైసెన్సే పోయింది.

నేను దీన్ని ఫిర్యాదులను నమ్మవద్దని చెప్పడానికి రాయడం లేదు. నెల్లూరు అక్క స్నేహితురాలి మాట ఎవరూ వినలేదు, నా మాటా ఎవరూ వినలేదు. మా ఇద్దరికీ జరిగినది ఒకే లోపం వల్ల జరిగిందని నా నమ్మకం. పద్ధతి అంటూ ఒకటి లేదు, ఎవరికి తోచినట్టు వారు చేశారు. పక్కన పెట్టిన రోజునే కారణం కాగితం మీద ఇవ్వండి. మొదటి విచారణ ఏడు రోజుల్లో తేల్చండి. ఆ లోపల ఎంపికలు పడితే అతన్ని ఎంపికలో పరుగెత్తనివ్వండి, ఫలితాన్ని మాత్రం ఆపి ఉంచండి. తప్పు లేదని తేలితే, “రావద్దు” అన్న చోటనే, అందరి ముందు, ఆ మాట చదివి వినిపించండి.

పక్కన పెట్టడం కొద్ది రోజుల పనే కావాలి. 2019 జనవరిలో టీవీ కార్యక్రమంలో ఆడవాళ్ల గురించి వచ్చిన మాటల మీద హార్దిక్ పాండ్యానూ, మన బెంగళూరు కుర్రాడు కె.ఎల్. రాహుల్‌నూ బీసీసీఐ ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిపించింది. రెండు వారాల లోపే సస్పెన్షన్ ఎత్తివేసి ఆడనిచ్చారు, విచారణ మాత్రం ఆపలేదు. ఏప్రిల్‌లో బోర్డు ఫిర్యాదులు విచారించే అధికారి, అంబుడ్స్‌మన్, ఒక్కొక్కరికీ ఇరవై లక్షల జరిమానా వేశారు. అందులో సగం విధినిర్వహణలో చనిపోయిన పారామిలిటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు, సగం అంధుల క్రికెట్‌కు వెళ్లేలా ఆదేశించారు. శిక్ష వేసినవారికి జట్టు ఎంపికతో సంబంధం లేదు. శిక్ష పడినవారి ఆటా ఆగిపోలేదు.

జవాబు: యలహంక మాస్టారు

తమ్ముడూ, మీకు జరిగినది చదివి బాధ కలిగింది. ఎంపికలో పాల్గొననిచ్చి ఫలితం ఆపి ఉంచాలన్నది నాకు ఇంతకాలం తట్టని ఆలోచన, అమలు చేయడం కూడా తేలికే. ఏడు రోజుల విషయంలో మాత్రం నా అభ్యంతరం ఒకటుంది. దెబ్బతిన్న మనిషి ఆసుపత్రిలో ఉంటే ఏడు రోజుల్లో వచ్చి చెప్పలేడు, ఆయన రాలేదన్న కారణంతో ఫిర్యాదు కొట్టివేసే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు కమిటీయే ఆసుపత్రికి వెళ్లి మాట తీసుకోవాలని రాయండి. గడువు పెంచితే మళ్లీ “టోర్నమెంట్ అయ్యాక” అనేదాకా వస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: బన్నేరుఘట్ట రోడ్డు అధ్యాపకుడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మాయి గారి మాట విని, నిన్న సాయంత్రం రోడ్డు దాటి వెళ్లాను.

ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డారు. కూర్చోబెట్టడానికి కాస్త సమయం పట్టింది. ఇరవై ఐదు వేలలో ఎక్కువ భాగం ఎక్స్‌రేలకూ, కట్టుకూ, మందులకూ అయిపోయిందట. పంతొమ్మిది రోజులు పనికి రాలేదని కాంట్రాక్టర్ ఆ రోజుల జీతం కోశాడు. ఫిర్యాదు చేయడానికి ఇప్పటికీ దారి ఉందని వకీలు గారు చెప్పినది ఆయనకు చెప్పాను, ఆలోచించుకుంటానన్నారు. కుర్రాణ్ణి చదువు మాన్పించవద్దన్నారు, తన కొడుకుదీ అదే వయసట. “ఆ రోజుల జీతం ఇప్పించండి సార్. వాడు ఒకసారి వచ్చి నా ముందు నిలబడి మాట్లాడాలి. స్టేషన్‌లో నా ముఖం కూడా చూడలేదు” అన్నారు. ఫ్లెక్సీ గురించి నేనే అడిగాను. ఆయన తల వంచుకుని ఏమీ అనలేదు.

ఈ ఉదయం ఆ పిల్లవాణ్ణి కూడా పిలిచి మాట్లాడాను. మొదట బైకు, చీకటి, కోపం అని ఏవేవో చెప్పాడు. ఆ తరువాత, జరిగి ఇన్ని వారాలైనా కళాశాలలో దీని గురించి తనను అడిగిన మొదటి మనిషిని నేనేనని అన్నాడు. పోటీ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడవద్దని చెప్పారట, పోటీ అయ్యాక ఎవరూ అడగలేదట. తండ్రికి ఇంకా తెలియదు. శనివారం నేను తోడు వస్తే గార్డు దగ్గరికి వస్తానన్నాడు. వస్తాడనే అనుకుంటున్నాను. వచ్చినా రాకపోయినా విచారణ మాత్రం జరగవలసిందేనని అతనికి స్పష్టంగా చెప్పాను. క్షమాపణ ఒకటి, కళాశాల బాధ్యత మరొకటి.

ముసాయిదాలో, విచారణ ముగ్గురు చేయాలని రాశాను. వారిలో క్రీడా విభాగం నుంచి ఎవరూ ఉండరు, ఒకరు కళాశాల బయటి న్యాయవాది. పక్కన పెట్టడం శిక్ష కాదని, ఆ కాలంలో గదీ భోజనమూ ఫీజు రాయితీ ఆగవని వకీలు గారి మాటలనే దాదాపు ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నాను. ఏడు రోజుల గడువు, ఆసుపత్రికి వెళ్లి మాట తీసుకోవడం, ఎంపికలో పాల్గొననివ్వడం, నిర్దోషి అని మైదానంలో చదవడం, టీసీ నియమం, అమ్మాయిల ఫిర్యాదులకు వేరే దారి అన్నీ చేర్చాను. బాధితుడు కోల్పోయిన కూలిని ఎవరు ఇవ్వాలన్న దగ్గర ఆగిపోయాను. పిల్లవాడి తండ్రి మీద వేయడానికి నాకు మనసొప్పడం లేదు. కప్పుతో పేరు తెచ్చుకున్న కళాశాలే ముందు చెల్లించి, తరువాత ఆ పిల్లవాడి చేత వారానికి కొన్ని గంటలు చిన్నపిల్లలకు ఆట నేర్పించే పని చేయించుకోవాలని ప్రతిపాదించాను. యాజమాన్యం దీన్ని సులభంగా ఒప్పుకోదు.

మాస్టారు గారు చెప్పినట్టే మా పీడీ గారితో ఒంటరిగా మాట్లాడాను. చాలాసేపు మౌనంగా ఉండి, ముసాయిదా కింద తన సంతకం కూడా పెట్టారు. ఫ్లెక్సీ దింపించే పని ప్రిన్సిపాల్ గారితో తానే మాట్లాడతానన్నారు. సమావేశం గురువారం మూడు గంటలకు. ఏం తేలిందో వచ్చి ఇక్కడే రాస్తాను.